గూట్లో ఉన్ని జోళ్లు

మేన్ నది పొంగి, ఏటవతలి పేటలో వంటిళ్లలోకి చేపలు కొట్టుకొచ్చిన ఏడది. ఫ్రాన్సులోని ఆంజే ఊళ్లో ఇప్పటికీ ఎవరి పెళ్లి ఎప్పుడైందన్నా, ఎవరు ఎప్పుడు పోయారన్నా ఆ వరద ఏడాదికి ముందో వెనకో చెప్పుకుంటారు.

ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద, సూపు గిన్నె పక్కన, ఒక జోళ్ల జత పడి ఉంది.

విసిరింది రెజీస్. ఒకటి రొట్టెకి తగిలి ఆగింది. రెండోది బోర్లా పడింది. గళ్ల ఉన్ని జోళ్లు, మడమల దగ్గర అరిగిపోయినవి. వేళ్ల దగ్గర కుక్కిన పేపరు ఉండ ఒకటి జారి ఉప్పు గిన్నెలో పడింది.

"ఎవరివి నాన్నా ఇవి?"

ఒనొరే ముసలాయన చెంచా కింద పెట్టలేదు.

"నిన్నే అడుగుతున్నా. నా జోళ్లు. సంఘంలో నా గూట్లో ఉండాల్సినవి. ఇసక బస్తాలు మోద్దామని వెళ్లి చూస్తే, వీటిలో పేపర్లు కుక్కి ఉన్నాయి. ఎవరు తొడుక్కుంటున్నారు?"

"చల్లారిపోతోంది. తినండి," అన్నాడు ముసలాయన.

నైవో పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాడు. పేపర్లు కుక్కింది తనే. రెజీస్ పాదం పెద్దది, తనది చిన్నది.

నైవోది మడగాస్కర్. ఇక్కడి పాత విశ్వవిద్యాలయంలో లా చదువుతూ ఈ ఇంటి మేడ మీద గదిలో ఉంటున్నాడు. చదువు మొదలైన కొత్తలో ఒక శనివారం ముసలాయన "రా" అని ఒక్క మాట అని, ఏరు దాటించి బంతులు దొర్లించే ఆట సంఘానికి తీసుకెళ్లాడు. అక్కడ ఆట నేల దొప్పలా వంగి, అద్దంలా నున్నగా ఉంటుంది. బూట్లతో ఎవర్నీ అడుగు పెట్టనివ్వరు. గోడ పొడుగునా గూళ్లు. గూటికో జత, జతకో పేరు. ముసలాయన ఒక గూట్లోంచి ఈ జత తీసి అతని కాళ్ల ముందు పడేశాడు. గూటి మీద రెజీస్ అని ఉంది. ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. పోయిన కొడుకేమో అనుకున్నాడు నైవో. పోయినవాళ్ల వస్తువు ఊరికే తొడుక్కోకూడదు గనక, ప్రతి శనివారం కాళ్లు దూర్చే ముందు మనసులో ఆ మనిషిని అనుమతి అడిగేవాడు.

ఈ వారం మొదట్లో తలుపు చప్పుడైతే తనే తీశాడు. మోకాళ్ల దాకా తడిసిన మనిషి, పక్కన నిండు నెలల భార్య. "నేను రెజీస్‌ని. ఇల్లు మునిగింది. మా నాన్న ఉన్నాడా?" అన్నాడు. నైవో చేతిలో ఉన్న పళ్లెం జారిపోయింది.

"నాకు తెలీదండీ," అన్నాడు నైవో ఇప్పుడు, నెమ్మదిగా. "నేనే..."

"నిన్నెవరూ అనట్లేదులే," అంది మిరెయ్, రెజీస్ భార్య.

"అనట్లేదా?" రెజీస్ ఆవిడ వైపు తిరిగాడు. "గది వాడిది. నేను పుట్టి పెరిగిన గది. మంచం వాడిది. ఆఖరికి గూడు కూడా వాడిదే! నువ్వేమో ఇంత కడుపుతో ముందు గదిలో సోఫా మీద ముడుచుకు పడుకుంటున్నావు."

"సోఫా మెత్తగానే ఉంటుంది," అన్నాడు ముసలాయన.

"అయితే నువ్వు పడుకో దాని మీద."

బయట ఎవరిదో నీళ్లు తోడే యంత్రం దగ్గుతోంది. ముసలాయన రొట్టె ముక్కతో సూపు గిన్నె అడుగంతా తుడుచుకు తిన్నాడు. రుమాలు మడిచాడు. అప్పుడు జోళ్ల వైపు చూశాడు, వాటిని అప్పుడే చూసినట్టు.

"జోళ్లు సంఘం గడప దాటించావు," అన్నాడు. "మనిషి పోతేనే జోళ్లు ఇంటికొస్తాయి. ఎవరు పోయారని తెచ్చావు?"

"నేనేగా. నీ లెక్కలో పోయింది నేనేగా నాన్నా."

రెజీస్ కోటు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తలుపు గట్టిగా పడింది. కాసేపటికి ముసలాయన కూడా లేచి, టోపీ పెట్టుకుని, ఎటు వెళ్తున్నాడో చెప్పకుండా వెళ్లాడు. ఆయన తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

జోళ్లు బల్ల మీదే ఉన్నాయి. ముట్టుకోవడానికి మిగిలిన ఇద్దరిలో ఎవరికీ చెయ్యి రాలేదు.

&nbsp;

మిరెయ్ గిన్నెలు కడుగుతోంది. కడుపు తొట్టికి తగలకుండా పక్కకి తిరిగి నిలబడింది. నైవో తుడిచి పెడుతున్నాడు.

"మా ఆయన చచ్చిపోయాడనుకున్నావట?"

నైవో తల ఊపాడు. మిరెయ్ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నడుం పట్టుకుంది.

"ఆయనకి చెప్పకు. ఇవాళ కాదు, ఎప్పుడూ చెప్పకు."

"ఎందుకండీ వాళ్లకి మాటల్లేవు?"

"నీకు చెప్పలేదా? అవునులే, ఆయనెందుకు చెప్తాడు." ఆవిడ తడి చేయి పైకెత్తి నుదుటి మీది జుట్టు మోచేత్తో తోసుకుంది. "పెళ్లయ్యాక రెజీస్ మా నాన్న సంఘంలో చేరాడు. ఏటికి ఇవతలది. మా నాన్న నోరు తెరిచి అడిగాడు, ఈయన మొహమాటపడ్డాడు. ఆ ఏడు ఊరి పోటీల్లో ఆఖరి ఆటకి రెండు సంఘాలూ ఎదురుపడ్డాయి. మామయ్యకి సున్నా. ఒక్క పాయింటంటే ఒక్కటీ రాలేదు. సున్నాకి ఓడితే ఏం చెయ్యాలో తెలుసుగా?"

నైవోకి తెలుసు. గోడకి చిన్న తలుపుల పెట్టె ఒకటి ఉంటుంది. తలుపులు తెరిస్తే లోపల ఫనీ అని పిలిచే బొమ్మ. అటు తిరిగి గౌను పైకెత్తిన పడుచు. ఓడినవాడు మోకాళ్ల మీద కూర్చుని ఆ బొమ్మ వెనక భాగాన్ని ముద్దు పెట్టుకోవాలి. గంట కొడతారు. తను మొదటి శనివారమే పెట్టాడు. కళ్లు మూసుకుని, తల వంచి, చర్చిలో శిలువని ముద్దు పెట్టుకున్నంత భక్తిగా. సంఘం వాళ్లు కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వి, అతనికి వైన్ పోసి, ఆ రోజు నుంచీ 'గురువుగారూ' అని పిలవడం మొదలుపెట్టారు.

ఈ ఊళ్లో అతన్ని ఎవరైనా ముద్దు పేరుతో పిలిచేది అక్కడే. యూనివర్సిటీలో పక్కన కూర్చునేవాళ్లు పొద్దున్నే బుగ్గకి బుగ్గ ఆనించి పలకరిస్తారు, సాయంత్రం మళ్లీ ఆనించి వెళ్లిపోతారు. ఆ రెంటికీ మధ్య ఏమీ ఉండదు. ఆదివారాలు గంటలు మోగుతాయి. అన్నం వండుకుని, అడుగు మాడులో నీళ్లు పోసి కాచి, వాళ్ల అమ్మ తాగినట్టు వేడివేడిగా తాగుతూ కిటికీలోంచి పలకరాతి ఇంటి కప్పుల్ని చూస్తాడు. మళ్లీ శనివారం ఎప్పుడొస్తుందా అని చూస్తాడు.

"మామయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు," అంది మిరెయ్. "ఊరంతా చూస్తుండగా. రెజీస్ నవ్వాడు. నవ్వాల్సింది కాదు. అంతే. ఆ గంట మోగిన దగ్గర్నుంచీ మాటల్లేవు."

"కానీ జోళ్లు తియ్యలేదు కదండీ. గూట్లోనే ఉంచారు."

"ఉంచాడు. నువ్వొచ్చేదాకా."

ఆవిడ కుళాయి కట్టేసింది.

"నైవో, నువ్వు మంచివాడివి. అందుకే చెప్తున్నా. మామయ్యకి నువ్వంటే ఇష్టం లేదని నేననను. కానీ నిన్ను పట్టుకుని నా మొగుణ్ణి కొడుతున్నాడు. కర్రవి నువ్వు. కర్రకి తెలుస్తుందా, ఎవర్ని కొడుతున్నదీ?"

"గది ఇస్తానని మొదటి రోజే చెప్పానండీ. పుస్తకాలు కూడా కిందకి తెచ్చాను. ఆయన ఏమీ అనలేదు. అవన్నీ మళ్లీ తనే పైకి మోశారు."

"అదే చెప్తున్నా. మోశాడు. నోరు తెరిచి ఉండమన్నాడా?"

నైవో అదే పళ్లెం మళ్లీ తుడిచాడు.

"పోనీ, హాస్టల్లో?"

"పొద్దున అడిగి వచ్చాను. వ్యాయామశాలలో కూడా ముంపు వాళ్లకి పక్కలేశారట. చోటు లేదన్నారు. పారిస్‌లో మా పిన్ని కొడుకున్నాడు."

"పారిస్ వెళ్తే సోమవారం పరీక్ష?"

ఆ పరీక్ష ఒకసారి పోయింది. మళ్లీ పోతే ఏడాది పోయినట్టే, ఏడాది పోతే చదువు పోయినట్టే. ఆ సంగతి మిరెయ్‌కీ తెలుసు. ఆవిడ సోఫా దగ్గరికి నడిచి, రెండు చేతులూ వెనక్కి ఆనించి, నెమ్మదిగా కూలబడింది. స్ప్రింగులు మూలిగాయి.

"నేను పొమ్మనడం లేదు సుమా," అంది అక్కణ్ణించే. అని, కళ్లు మూసుకుంది.

&nbsp;

ముసలాయన తిరిగొచ్చేసరికి ప్యాంటు పిక్కల దాకా తడిసి ఉంది. ఎక్కడికెళ్లాడో చెప్పలేదు. నైవో మేడ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ముసలాయన రెండు మెట్లు కింద కూర్చుని చెయ్యి చాపాడు. రోజూ చాపినట్టే. నైవో పుస్తకం అందించాడు.

కిందటిసారి పరీక్ష ఎందుకు పోయిందో ఈ ఇంట్లో తెలిసింది ఆయనకొక్కడికే. ఎదురుగా కూర్చుని నోటితో జవాబు చెప్పే పరీక్ష అది. ప్రొఫెసర్ ప్రశ్న అడిగాడు. పెద్దాయన ముగించేదాకా నైవో ఆగాడు. ముగించాక మర్యాదకి ఇంకాస్త ఆగాడు. వీడికి తెలీదు కాబోలనుకుని ప్రొఫెసర్ తరవాతి ప్రశ్నకి వెళ్లిపోయాడు. ప్రతి ప్రశ్నకీ అంతే. ఆ మాట విని ముసలాయన చాలాసేపు గెడ్డం గోక్కున్నాడు. మర్నాటి నుంచీ మెట్ల మీద ఈ సాధన మొదలైంది. ఆయన చిన్నప్పుడే పలకరాతి గనుల్లో పనికెళ్లినవాడు. వాక్యం కింద వేలు పెట్టుకుని, పెద్ద మాట దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని చదువుతాడు. చదవడం అయిన వెంటనే బూటుతో మెట్టు మీద ఒక్కటి తంతాడు. చప్పుడు ఆగేలోపు నైవో నోరు తెరవాలి.

తన జన్మలో పది మాటలు వరసగా మాట్లాడని మనిషి తనకి మాట్లాడటం నేర్పుతున్నాడని నైవో వాళ్ల అమ్మకి ఫోన్లో చెబితే, ఆవిడ ఎంతసేపు నవ్విందో!

"ఒకడు... ప్రతి... ప్రతిపాదన చేస్తే," చదివాడు ముసలాయన, "రెండోవాడు ఏమీ మాట్లాడకపోతే... ఒప్పుకున్నట్టా, కాదా?"

బూటు చప్పుడైంది.

"కాదు," అన్నాడు నైవో. "మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు కాదు. ఇద్దరి మధ్యా ముందునుంచీ అలాంటి వాడుక ఉంటే తప్ప."

"ఊఁ." ముసలాయన పేజీ తిప్పబోయాడు.

"మరి నేను ఈ ఇంట్లో ఉండాలా, వెళ్లాలా?"

వేలు పేజీ మీదే ఆగిపోయింది.

నైవోకి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇంతవరకూ ఏ పెద్దవాణ్ణీ మధ్యలో ఆపి ఎరగడు. అయినా నోరు ఆగలేదు.

"నేనే గది ఇస్తానన్నాను. మీరు మాట్లాడలేదు. ఇవాళ మీ అబ్బాయి అన్ని మాటలన్నాడు. మీరు మాట్లాడలేదు. మీకు నేను కావాలో, ఆయన వద్దో నాకు తెలీడం లేదు. ఏదో ఒకటి చెప్పండి ఒనొరే గారూ. పొమ్మన్నా సరే, వెళ్లిపోతాను."

ముసలాయన గోడకేసి చూశాడు. నోరు ఒకసారి తెరుచుకుంది. లోపల ఏదో మాట అడ్డం తిరిగినట్టు దవడ కదిలింది. నైవో ఆగాడు. ఆయన ముగించేదాకా ఆగడానికి సిద్ధంగా ఉన్నాడు. కానీ ముసలాయన మొదలే పెట్టలేదు.

పుస్తకం మూశాడు. రెండు చేతుల్తో నైవో ఒళ్లో పెట్టాడు. మెట్ల కమ్మీ పట్టుకుని లేచి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

నైవో ఇంకా కాసేపు అక్కడే కూర్చున్నాడు. తలుపు తెరుచుకుంటుందేమోనని. తరవాత పైకి వెళ్లి, మంచం కింది నుంచి పెట్టె లాగాడు.

&nbsp;

మర్నాడు పొద్దున్నే నైవో ఉతికిన దుప్పటి పరిచి, దిండు దులిపి, మంచం మిరెయ్ కోసం సిద్ధం చేశాడు. పెట్టె పట్టుకుని కిందకి దిగాడు. ఆవిడ సోఫాలో, కాళ్లు కుర్చీ మీద పెట్టుకుని నిద్రపోతోంది. రెజీస్ నేల మీద, కోటు కప్పుకుని, మొహం భార్య వైపు పెట్టుకుని పడుకున్నాడు. నిద్రలో అతని దవడ అచ్చు ముసలాయన దవడే.

కొక్కేనికి ముసలాయన టోపీ లేదు. రొట్టెకి వెళ్లి ఉంటాడు.

జోళ్లు బల్ల మీద రాత్రి పడ్డ చోటే ఉన్నాయి. నైవో వాటిని కోటు లోపల పెట్టుకున్నాడు. స్టేషన్‌కి వెళ్లే ముందు ఒక్క పని ఉంది.

వంతెన దిగాక వీధి లేదు, నీళ్లే. ఇళ్ల వెంబడి మునిసిపాలిటీ వాళ్లు ఇటుకలు పేర్చి చెక్క పలకలు వేశారు. ఒక మనిషి పట్టే వెడల్పు. నైవో పెట్టె ముందు పెట్టుకుని నడిచాడు. సంఘం గుమ్మం దగ్గర ఇసక బస్తాలు. లోపల పెల్తియే, సంఘం కాపలాదారు, చీపురుతో నీళ్లు తోస్తున్నాడు.

"గురువుగారా! ఆట నేలకి ఒక్క వేలి దూరంలో ఆగింది ఏటి తల్లి. చూశావా? దణ్ణం పెట్టు." పెట్టె చూసి చీపురు ఆపాడు. "ఎక్కడికి?"

"జోళ్లు పెట్టి వెళ్దామని."

"బూట్లు విప్పు ముందు!"

నైవో మేజోళ్లతో గూళ్ల దగ్గరికి నడిచాడు. రెజీస్ గూడు ఖాళీగా లేదు. లోపల కొత్త ఉన్ని జోళ్లు. నీలం గళ్లవి. చిన్నవి. తీసి చూడకుండానే తెలిసింది, తన కొలతవని. పైన రెజీస్ పేరుండే చోట ఒక అట్టముక్క అంటించి ఉంది. దాని మీద పెద్దపెద్ద అక్షరాలు, ఒక్కోటీ ఒక్కో ఎత్తులో: నైవో.

ఈ ఊళ్లో గోడ మీద తన పేరు ఎవరైనా రాస్తారని అతను కలలో కూడా అనుకోలేదు.

"రాత్రి వచ్చి అంటించాడు," అన్నాడు పెల్తియే వెనకనుంచి. "నీళ్లలో నడిచొచ్చాడు ముసలోడు. జిగురేదన్నాడు, అంతే."

"జోళ్లు కూడా రాత్రే తెచ్చారా?"

"జోళ్లా? అవి ఎప్పటివో. నిన్ను మొదటిసారి తీసుకొచ్చాడు చూడు, ఆ మర్నాడే కొన్నాడు. నా బల్ల కింద పడేసి ఉన్నాయి. ఇవ్వవయ్యా కుర్రాడికి, పేపర్లు కుక్కుకుని తిరుగుతున్నాడు అంటే, చూద్దాంలే అనేవాడు. గూడు ఖాళీ లేదు కదా అనేవాడు."

నైవో ఆ అట్టముక్క వైపు చూస్తూ ఉండిపోయాడు. జోళ్లు ముసలాయన తన కోసమే కొన్నాడు. పేరు మాత్రం కొడుకు మీద కోపంతో అంటించాడు. రెండూ ఒకే గూట్లో పెట్టాడు. తీసుకుంటే రెండూ తీసుకోవాలి.

గోటితో అట్టముక్క అంచు లేపాడు. తేమకి జిగురు ఇంకా పచ్చిగానే ఉంది, చిరక్కుండా వచ్చింది. కింద రెజీస్ పేరు బయటపడింది. కొత్త జత బయటికి తీశాడు. కోట్లోంచి పాత జత తీసి, వేళ్ల దగ్గర కుక్కిన పేపర్లన్నీ లాగేసి, మడమలు సరిచేసి గూట్లో పెట్టాడు.

"ఇదేంటి గురువుగారూ?"

"ఇవి మళ్లీ మీ బల్ల కిందే ఉంచండి," అన్నాడు నైవో, నీలం జోళ్లు అందిస్తూ. అట్టముక్క మాత్రం జేబులో పెట్టుకున్నాడు.

పెల్తియే జోళ్లు చంకలో పెట్టుకున్నాడు.

నైవో బూట్లు తొడుక్కుని, పెట్టె పట్టుకుని బయటికొచ్చాడు. పలక మీద సగం దూరం వచ్చాక తలెత్తాడు. అటు చివర ముసలాయన, సంఘం వైపే వస్తూ. చంకలో రొట్టె. ఆయన కూడా అప్పుడే చూశాడు. ఇద్దరూ నడుచుకుంటూ వచ్చి మధ్యలో ఎదురుపడ్డారు. రెండు పక్కలా నీళ్లు. ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి.

ముసలాయన పెట్టె వైపు చూశాడు. అతని కోటు వైపు చూశాడు. సంఘం తలుపు వైపు చూశాడు. నైవో దారి ఇస్తాడని, ఇన్నాళ్లూ ప్రతి గుమ్మంలోనూ ప్రతి మెట్టు మీదా ఇచ్చినట్టే ఇస్తాడని, ఎదురు చూస్తూ నిలబడ్డాడు.

నైవో పెట్టె పలక మీద దించాడు. బూటు ఎత్తి పలక మీద ఒక్కటి తన్నాడు.

చప్పుడు నీళ్ల మీదుగా అవతలి గోడదాకా వెళ్లి తిరిగొచ్చింది. ముసలాయన నోరు తెరుచుకుంది. నైవో పక్కకి తప్పుకోలేదు.